లీలమ్మ చదవని కాగితం

లీలమ్మ చేతిలో పెట్టిన కాగితంలో ఆరంటే ఆరు వాక్యాలున్నాయని, వాటిలో ఒక్కటి కూడా ఆమెది కాదని, పోయిన వారం మనం ఆగింది అక్కడేనని మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్లకు మాత్రం కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

లీలమ్మది కాశీబుగ్గ. యాభై ఆరేళ్లు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనిలో ఆమె వేళ్లు ఎప్పుడో నల్లబడిపోయాయి. భర్త యోనా ఉద్దానం తోటల్లో కొబ్బరికాయలు దింపేవాడు. కిడ్నీలు చెడిపోయాక మూడేళ్ల నాలుగు నెలలుగా వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆ మూడు రోజులూ లీలమ్మ పని మానుకుని అతని మంచం పక్కన నాలుగేసి గంటలు కూర్చుంటుంది. ఆ గదిలో గోడకొక టీవీ ఉంది. పొద్దున్న పెడితే సినిమా, మధ్యాహ్నం పెడితే ముందురోజు సీరియల్.

చూసి ఊరుకునే మనిషి కాదు లీలమ్మ. హీరో నలభై మందిని కొట్టాక ఆ విరిగిపోయిన టీ కొట్టు ఎవరిదని అడిగేది. ఏడున్నర సీరియల్లో అత్తగారు పదకొండు వారాలుగా పాలలో విషం కలుపుతోంది కదా, ఆ పాలు ఇంకా ఎందుకు విరగలేదని అడిగేది. సీరియల్ వాళ్లకు ఏ జబ్బు చేసినా తలకే కట్టు కడతారేమిటని అడిగేది. చేతికి సూదులు గుచ్చుకుని పడుకున్న మనుషులు పకపకా నవ్వేవారు. డిగ్రీ చదివే కూతురు జెన్నిఫర్ ఆ మాటల్ని ఫోన్లో తీసి 'లీలమ్మ సూసింది' అని ఒక చానల్ పెట్టింది. ఏడాది తిరిగేసరికి లక్షమందికి పైగా దానికి అలవాటు పడ్డారు. మెచ్చుకోవలసినచోట ఆమె మనసారా మెచ్చుకుంటుంది. అందుకే తిట్టినా జనం నమ్ముతారు.

అప్పుడే 'ఉప్పుటేటి పులి' వచ్చింది. ఉద్దానం తీరంలో జరిగే కథ. ఊళ్లో వాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు. అందులో హీరో తండ్రి డయాలసిస్ మంచం మీద ఉంటాడు. విలన్ మనిషి వచ్చి యంత్రం స్విచ్చి కట్టేస్తాడు. ముసలాయన రెండుసార్లు ఎగిరిపడి చచ్చిపోతాడు. దానికి ముందు డాక్టరు, ఈ యంత్రం ఎక్కినవాడు రెండు నెలలకు మించి ఉండడని హీరోకి చెబుతాడు. లీలమ్మ సినిమా అంతా బాగుందని చెప్పి, ఆ సీను మాత్రం అబద్ధమని ఖండితంగా అంది. వీడియోలో సినిమా ముక్క నలభై సెకన్లు ఉందన్న వంకతో నిర్మాత ప్రేమ్‌కుమార్ మనుషులు కాపీరైట్ ఫిర్యాదు పెట్టి చానల్‌నే మూయించేశారు. తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. టెక్కలి కాలేజీలో శనివారం విజయోత్సవ సభ ఉంది, వచ్చి మేమిచ్చే కాగితం చదివితే చానల్ తిరిగొస్తుందన్నాడు.

అసలు లీలమ్మను టెక్కలి బస్సు ఎక్కించింది చానల్ కాదు. మందస దగ్గరి పల్లెలో ఎర్రమ్మ అని నలభై ఏళ్ల మనిషి ఉంది. ఇక డయాలసిస్ మొదలుపెట్టక తప్పదని డాక్టర్లు చెప్పి నెల దాటింది. ఆ సినిమా చూసి వచ్చిన రోజు నుంచి, ఆ మిషను ఎక్కితే సచ్చిపోతారు, నాను ఎక్కనని ఒకటే పట్టు. మొహం ఉబ్బిపోయి, రెండడుగులు వేస్తే ఆయాసపడుతోంది. ఆ సంగతి లీలమ్మకు తెలిసి పది రోజులైంది. ఆ సీను తీసినవాళ్లు ఎదురుగా దొరికేది ఆ సభలోనే.

*

శనివారం పదకొండు గంటలకు కాలేజీ ఆడిటోరియంలో కూర్చోవడానికి చోటు లేదు. పిల్లలు కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. వేదిక మీద హీరో నిలువెత్తు బొమ్మ, చేతిలో తెడ్డు. దాని కింద నాలుగు కుర్చీలు. మధ్యలో దర్శకుడు ఉదయశంకర్, ముప్పై అయిదేళ్లుంటాయి, గడ్డం, నలిగిన చొక్కా. పక్కన ప్రేమ్‌కుమార్.

లీలమ్మ ముందు వరసలో యోనాకీ జెన్నిఫర్‌కీ మధ్య కూర్చుంది. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే తెల్లంచు నీలం చీర కట్టింది. కాగితాన్ని అప్పటికి నాలుగుసార్లు చదివింది. 'నేను చదువుకోని దానిని. తెలియక మాట్లాడాను' అని మొదలవుతుంది అది. అయిదో తరగతి వరకు చదివి, రోజూ బైబిలు చదువుకునే మనిషికి ఆ మొదటి వాక్యమే మింగుడు పడలేదు. చదవకపోతే చానల్ పోతుందని జెన్నిఫర్ బస్సులో ఒకసారి అంది. మళ్లీ తనే, పోతే పోనీలే అమ్మా అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. యోనా నీళ్ల సీసాలోంచి ఒక్క గుక్క తాగి మూత బిగించుకున్నాడు. రోజుకి ఇన్నే అని అతనికి కొలత ఉంది.

ఆమె పేరు పిలిచేసరికి హాలు హోరెత్తింది. సగం మంది చానల్ చూసినవాళ్లే. లీలమ్మ మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. ప్రేమ్‌కుమార్ నవ్వుతూ, చదవమన్నట్టు తల ఊపాడు.

ఆమె కాగితం విప్పింది. హాలు సద్దుమణిగింది. మొదటి మాట కోసం నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, కాగితాన్ని మడత ప్రకారం జాగ్రత్తగా మడిచి వెళ్లి ప్రేమ్‌కుమార్ చేతిలో పెట్టేసింది.

"ఇది మీ మాట బాబూ. మీ కాడే ఉంచండి. నా మాట నాను సెప్తాను" అంది.

ప్రేమ్‌కుమార్ లేవబోయాడు. కిటికీల దగ్గర కుర్రాళ్లు ఈల వేశారు. అతను చుట్టూ చూసి మళ్లీ కూర్చున్నాడు.

లీలమ్మ మొదట సినిమాని మెచ్చుకుంది. ఆమె పద్ధతే అది. అలల మీద రెండు పడవలు ఎదురెదురుగా వచ్చే సీనులో తను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నానని చెప్పింది. ఆ అల ఒడ్డు మీద విరిగిన చప్పుడు అచ్చం బారువ సముద్రం చప్పుడేనని, అది పట్టుకొచ్చినవాడికి దండం పెట్టాలని చెప్పింది. హీరో తల్లి కొడుకుని పోనివ్వనని ఏడవకుండా, అన్నం తిని పొమ్మనడం తనకెంతో నచ్చిందంది. ఉదయశంకర్ కుర్చీలో ముందుకు వంగాడు. అతని సినిమాలో ఆ ముక్కను ఇంతవరకూ ఎవరూ గమనించి చెప్పలేదు.

తర్వాత తప్పులు మొదలుపెట్టింది. ఉప్పునీళ్లలో మునిగి లేచిన హీరో జుట్టు ఆరిపోయి గాలికి ఎగురుతోందేమిటంది. హీరోయిన్ రోజంతా జీడిపిక్కలు కొడుతుందట, చేతులు మాత్రం పాలలో కడిగినట్టున్నాయంది. తన రెండు చేతులూ ఎత్తి చూపించింది. పిక్కలోని రసం చర్మాన్ని కాల్చేస్తుందని, బూడిదో నూనో రాసుకుని కూర్చున్నా ఈ నలుపు చచ్చినా పోదని చెప్పింది. ముందు వరసల్లో కొందరు ఆడవాళ్లు, ఎక్కడెక్కడి జీడి బట్టీల నుంచి వచ్చారో, తమ చేతులు తాము చూసుకుని నవ్వారు. ఉదయశంకర్ కూడా నవ్వాడు.

"అవన్నీ సినిమా బాబూ, పోనీ. జుట్టు ఎగిరితే ఎవరికీ నట్టం నేదు" అంది లీలమ్మ. "గాని ఆ మిసను సీను ఉన్నాది కదా. అది సూసి ఒక మనిసి బతకడం మానుకుంతాది."



ఆమె ఎర్రమ్మ పేరు చెప్పలేదు. ఊరు కూడా చెప్పలేదు. మిషను ఎక్కాల్సిన మనిషి ఒకామె మీ సినిమా చూసి ఎక్కనంటోందని, రోజురోజుకీ నీరు పట్టి ఉబ్బుతోందని మాత్రం చెప్పింది. కరెంటు పోతే ఏమవుతుందో తానెన్నిసార్లో చూశానంది. మనిషి ఎగిరిపడడు. మిషను కుయ్యిమని అరుస్తుంది. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి పిడి పెట్టి చేత్తో తిప్పి, బయట తిరుగుతున్న నెత్తురంతా మళ్లీ ఒంట్లోకి పంపించేస్తుంది. ఆ పూట మంచం మీద ఉన్నవాడు, సీరియల్ సగంలో పోయిందేమిటని విసుక్కుంటాడు. అంతే.

ప్రేమ్‌కుమార్ ఇంక ఆగలేకపోయాడు. మైకు అందుకుని, ఇది కథ అని, కథలో ఎమోషన్ కోసం కొన్ని మార్పులు ఉంటాయని, ప్రేక్షకులు తెలివైనవాళ్లని అన్నాడు. డాక్టర్లు చెప్పినా వినని వాళ్లకు సినిమా ఏం చేస్తుందని కూడా అన్నాడు. అతని మాటల్లో మరీ అన్యాయం లేదు. అందుకే హాలులో కొందరు తల ఊపారు. ఉదయశంకర్ మాత్రం లీలమ్మనే చూస్తున్నాడు. ఎవరినీ తప్పుపట్టని గొంతుతో అడిగాడు.

"అమ్మా, మీరు చెప్పేది వింటున్నాను. కానీ ఆ మంచం మీద ఉన్న మనిషి నిజంగా ఎలా ఉంటాడు? నేను చూడలేదు. సెట్ వేసి తీశాం."

లీలమ్మ కిందికి చూసింది. ఆమె చూపు పడకముందే యోనా లేచాడు.

అతను మెట్ల దగ్గరికి నడిచాడు. జెన్నిఫర్ చెయ్యి అందించబోతే వద్దన్నాడు. ఒకప్పుడు రోజుకి ముప్పై కొబ్బరిచెట్లు ఎక్కి దిగిన మనిషి ఆ ఆరు మెట్లూ ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. ఎవరూ ఈల వెయ్యలేదు. పైకి వచ్చి ఊపిరి కూడదీసుకుని, తెల్లచొక్కా ఎడమచేతి బొత్తాం విప్పి చెయ్యి మోచేతి దాకా మడిచాడు. ముంజేతి మీద, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి పెంచిన నరం బొటనవేలంత లావున ఉబ్బి, మెలి తిరిగి ఉంది. దాని పొడుగునా సూది మచ్చలు.

"నా పేరు యోనా. మూడేళ్ల నాలుగు నెలల నుండి ఎక్కుతున్నాను. మీ డాకటరు రెండు నెలలే అన్నాడు" అని చెయ్యి చాపాడు. "సెయ్యెట్టి సూడండి బాబూ."

ఉదయశంకర్ కుర్చీలోంచి లేచాడు. సందేహిస్తూ రెండు వేళ్లు ఆ నరం మీద పెట్టాడు. వెంటనే తీసేశాడు. మళ్లీ పెట్టాడు, ఈసారి అరచెయ్యి మొత్తం. చర్మం కింద నెత్తురు సన్నగా, ఆగకుండా ఝుమ్మంటోంది. అతను ఆ చెయ్యి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో హాలులో అందరూ చూశారు. 

"ఇది... ఇలాగే ఉంటుందా ఎప్పుడూ?"

"ఇది ఆగనేదంటే నాను ఉన్నట్టే" అన్నాడు యోనా. "మిసను నన్ను సంపడం నేదు బాబూ. సోమారం ఎక్కుతాను, మంగలారం మా పిల్లకి కూర వండుతాను. బుదారం మల్లీ ఎక్కుతాను. ఆదివారం గుడిలో పాట పాడతాను. రొప్పొస్తాది, నిజమే. నీలు తాగాలనిపిత్తాది, తాగకూడదు, అదీ నిజమే. కట్టం నేదని నానన్ను. గాని మీరు నన్ను సంపీసినారు. నాను సావనేదు."

భర్త అంతసేపు మాట్లాడగా లీలమ్మ వినడం పెళ్లయిన ముప్పై ఏళ్లలో అదే మొదలు. ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉదయశంకర్ మైకు ముందుకు వచ్చాడు. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. ఈ సినిమాకు పోరాటాలు ఎలా తియ్యాలో నేర్చుకోవడానికి ఆరు నెలలు తిరిగానని, పడవల కోసం తీరమంతా గాలించానని, డయాలసిస్ గది చూడడానికి మాత్రం ఒక్క పూట కూడా రాలేదని చెప్పాడు. చావు చూపిస్తేనే జనం ఏడుస్తారనుకున్నానన్నాడు. తర్వాత, యోనా వైపు తిరిగి, అందరూ వినేలా, ఆయనకూ ఆ పేరు తెలియని ఆవిడకూ క్షమాపణ చెప్పాడు. సినిమా ఓటీటీలోకి వెళ్లేలోగా ఆ సీను తీసేసి మళ్లీ తీస్తానన్నాడు. సెట్‌లో కాదు, ఇక్కడికే వచ్చి, మీరు సరే అన్నాకే తీస్తానన్నాడు.

ప్రేమ్‌కుమార్ అతని మోచెయ్యి పట్టుకుని చెవిలో ఏదో అన్నాడు. మైకు పక్కనే ఉండడంతో, ఎంతవుతుందో తెలుసా అన్న మాట అందరికీ వినబడిపోయింది. దర్శకుడు అంతే మామూలుగా, తన పేరు పోస్టరు మీద ఉండాలంటే ఆ సీను ఉండకూడదన్నాడు. ప్రేమ్‌కుమార్ వ్యాపారం తెలిసిన మనిషి. హాలు వైపు చూశాడు. వెనక వరసల నుంచి చప్పట్లు మొదలై ముందుకు వస్తున్నాయి. కిటికీల దగ్గర కుర్రాళ్లు 'లీలమ్మ సూసింది' అని ఒకే గొంతుతో అంటున్నారు. అతను తన ఫోన్ తీసి, జెన్నిఫర్‌ని వేదిక పక్కకి రమ్మని సైగ చేశాడు. అయిదు నిమిషాల తర్వాత ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారమ్మా అని తల్లి భుజం మీద తల ఆనించేసింది. సాయంత్రానికి చానల్ తెరుచుకుంటుందట.

లీలమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఆ సీను మల్లీ తీసినాక నాను మల్లీ సూత్తాను. బాగులేకపోతే మల్లీ సెప్తాను. అప్పుడు మూయించీరు కదా?"

ప్రేమ్‌కుమార్ తనకు తెలియకుండానే నవ్వేశాడు. మూయించనని చెప్పాడు. ఆ మాట మైకులో చెప్పమంది. చెప్పాడు.

*

బయటికి రావడానికి అరగంట పట్టింది. అడుగుకొకరు ఆపి యోనా చెయ్యి ముట్టుకుంటున్నారు. కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన చొక్కా చెయ్యి కూడా మడిచి, తనకీ ఉందని చూపించాడు. ఇన్నాళ్లూ సంతలో నిండు చేతుల చొక్కా తప్ప వేసుకోలేదట. ఇద్దరూ ఎదురెదురుగా చేతులు పట్టుకుని నవ్వుకున్నారు. యోనా ముఖంలో అంత వెలుగు మళ్లీ చూస్తానని లీలమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

జనం పలచబడ్డాక, ఆఖరి వరస కుర్చీలో ఇంకా ఒకామె కూర్చుని ఉంది. ఉబ్బిన కళ్లు, ఉబ్బిన పాదాలు, ఒళ్లో గుడ్డ సంచి. లీలమ్మ దగ్గరికి వెళ్లి గుర్తుపట్టింది. ఈ పది రోజుల్లో ఒక్కసారే వెళ్లి చూసి వచ్చిన మనిషి. రెండు బస్సులు మారి, పలాసలో పనుందని ఇంట్లో చెప్పి, ఒక్కతే వచ్చింది ఎర్రమ్మ.

ఆమె నేరుగా యోనా వైపు చెయ్యి చాపింది. అతను పక్క కుర్చీలో కూర్చుని తన ముంజేతిని ఆమె అరచేతి కింద పెట్టాడు. ఎర్రమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో, మొక్కుకుంటోందో. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"మీది ఏ దినమన్నా?"

"సోమారం. ఉదయం."

"నాను వత్తాను" అంది ఎర్రమ్మ. "పక్కన మీరుంటే ఎక్కుతాను."

లీలమ్మ ఆమె తలను తన గుండెలకు ఆనించుకుంది. హాలంతా మోగిన చప్పట్ల కంటే ఆ రెండు మాటలు ఆమెకు ఎక్కువ అనిపించాయి. సోమవారం ఏం తెచ్చుకోవాలో, ముందురోజు ఏం తినకూడదో జెన్నిఫర్ చెబుతుంటే ఎర్రమ్మ శ్రద్ధగా వింది. నలుగురూ మెల్లగా నడుచుకుంటూ గేటు దాకా వచ్చారు. హైవే మీద పలాస బస్సు వచ్చే వేళయింది.

గేటు అవతల ఒక మోటారు సైకిలు ఆగి ఉంది. దాని పక్కన నిలబడ్డ మనిషిని చూడగానే ఎర్రమ్మ లీలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా పెద్దన్న అంది, వినీ వినబడకుండా.

అతనికి యాభై ఏళ్లుంటాయి. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు. ఇటు బస్సెక్కిందని ఎవరో చెబితే వచ్చానని, చెల్లెల్ని బండెక్కమన్నాడు. లీలమ్మ ముందుకు వచ్చి, పొద్దున్నుంచి జరిగిందంతా నెమ్మదిగా చెప్పింది. ఎర్రమ్మ తనంతట తనే వస్తానందని, భయం పోయిందని, యోనాను చూడమని చెప్పింది. అతను అంతా విన్నాడు. యోనా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఈయన నాకు తెలీకపోడమేటి" అన్నాడు. "రెండేళ్ల కిందట మా నాయన కూడా అక్కడికే వచ్చినాడు, ఒక్క వారం. ఆ మంచం మీదే పోయినాడు. మా సెల్లికి సినిమా సూత్తే భయమేసింది. నాకు సినిమా అక్కర్నేదు. ఆ దినం పక్క మంచం మీద ఉన్నది నీ మొగుడే. ఏటి జరిగిందో అడుగు."

లీలమ్మ నవ్వబోయింది. మూడేళ్ల నాలుగు నెలల్లో తను లేని పూట అంటూ లేదు. అంతలో ఒక వారం గుర్తొచ్చింది. జ్వరంతో తను మంచం దిగలేకపోయిన వారం. ఆ వారం యోనా ఒక్కడే వెళ్లి వచ్చాడు. వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. జబ్బు మనిషి కదా అనుకుని తను అడగలేదు.

ఆమె భర్త వైపు తిరిగింది.

యోనా చొక్కా చెయ్యి కిందికి దించుకుంటున్నాడు. బొత్తాం పెట్టుకోవాలని చూస్తే అది కన్నంలో పడడం లేదు. ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పలాస, పలాస అని పిలిచాడు. యోనా ఎక్కలేదు. ఎర్రమ్మ అన్నకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"నిజమే" అన్నాడు. "మీ నాయన ఆఖరి మాట నాతోనే అన్నాడు. అది మీకు సెప్పమన్నాడు. నాను సెప్పనేదు."